తీగ చుట్టిన చెయ్యి

ఒకప్పుడు మా మేడ గదిలో అద్దెకున్న ఆవిడ పోయిందన్న కబురు మా ఆయన ఫోనుకి వచ్చింది. వరంగల్ నుంచి ఆవిడ తమ్ముడు చేశాడు. వాటర్‌ఫోర్డ్‌లో, తన ఫ్లాట్‌లో, నిద్రలోనే గుండె ఆగిందట. అంతకు మించి ఆ తమ్ముడికీ తెలియదు. మా ఆయన ఫోను బల్ల మీద పెట్టి, తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళి, సన్నటి తుంపరలో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఏడవగా నేను చూడలేదు. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా వచ్చినవాళ్ళందరికీ కాఫీలు అందించాడే గానీ కన్ను తడి చేసుకోలేదు.

నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ‘ఆవిడ కోసం ఏడుస్తున్నాడు’ అనుకున్నాను. దుఃఖం తర్వాత వచ్చింది, అదీ మెల్లగా. చనిపోయిన మనిషి మీద అసూయ ఏమిటమ్మా అని మీరనవచ్చు. ఏం చేయను, బతికున్నన్నాళ్ళూ ఆవిడ విషయంలో నాకు బాగా అలవాటైన భావం అదే.

ఐర్లండ్‌లో, ఈ గాల్వేలో మేము అద్దెకున్న ఇంట్లో మేడ మీద ఒక గది ఖాళీగా ఉండేది. ఇక్కడి అద్దెలకి గది ఖాళీగా ఉంచుకోవడం మాలాంటి వాళ్ళకి కుదిరే పని కాదు. ఇంటి ఓనరు సరేనన్నాక తెలుగువాళ్ళ గ్రూపులో ఒక మాట పెట్టాం. ఆవిడ వచ్చింది. యాభై ఏళ్ళు ఉంటాయేమో. పొట్టి మనిషి, ఇంట్లో కూడా ఉన్ని టోపీ, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. రెండు సూట్‌కేసులు, వాటితోపాటు చంకలో గడులున్న ఒక ప్లాస్టిక్ పెట్టె. చేపలు పట్టేవాళ్ళు గాలాలూ దారాలూ దాచుకునే పెట్టె అది. ఇక్కడ వారాంతాల్లో చేపలకి వెళ్ళేవాళ్ళు చాలామంది కదా అని, “చేపలు పడతారా అండీ?” అని అడిగాను.

“చేపలు గాదు చెల్లె, పొగ పడ్త” అంది.

పెట్టె తెరిచి చూపించింది. ఒక గడిలో సన్నటి తీగ చుట్టలు. ఒక గడిలో బుల్లి స్క్రూడ్రైవర్లు, ఒక కట్టర్. ఇంకో గడిలో దూది, అరచేతిలో ఇమిడే ఒక మీటర్, పింగాణీ మొనలున్న ట్వీజర్. వేప్‌లో, అదే ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో, వేడెక్కే కాయిల్ ఉంటుంది చూడండి, అందరూ దుకాణంలో కొని, మాడిపోతే పారేసి ఇంకోటి కొంటారే, ఆ కాయిల్ ఆవిడ సొంతంగా చుట్టుకునేది. ‘దుకాణపుది దుకాణపుదే. నా గొంతుకు నా తీగె’ అనేది.

ఆవిడ వచ్చిన కొద్ది వారాలకే కరోనా వచ్చి దేశమంతా తలుపులు వేసుకుంది. ఇంటి నుంచి మొదట రెండు, తర్వాత ఐదు కిలోమీటర్లు దాటి పోకూడదన్నారు. ఆవిడ ఒక వైద్య పరికరాల కంపెనీలో కాంట్రాక్టు మీద చేసేది. కాగితం పనంతా ఇంటి నుంచే చేసుకోమన్నారు. మా ఆయనది సాఫ్ట్‌వేరు, ఆయనా ఇంట్లోనే. నేను మాత్రం రోజూ వెళ్ళాలి. నేను చేసేది గుండె రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాల తయారీలో. ఆ గొట్టాల లోపల తీగ చుట్టలుంటాయి. ఆ చుట్టే యంత్రాల బాధ్యత నాది. ఆసుపత్రులకి కావలసిన సరుకు కదా, ప్లాంటు ఆగలేదు. దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కారు ఆపితే కంపెనీ వాళ్ళిచ్చిన ఉత్తరం చూపించి వెళ్ళేదాన్ని.

అలా ఏర్పడింది మా ఇంటి పరిస్థితి. నేను బయట, వాళ్ళిద్దరూ లోపల.

మా ఆయన సిగరెట్ల సంగతి చెప్పాలి. నేను చేయని ప్రయత్నం లేదు. నా మీద ఒట్టు వేయించుకున్నాను. ఏడ్చాను. మాట్లాడటం మానేశాను. ఆయన ప్రతిసారీ మానేశానని చెప్పేవాడు. చెత్త డబ్బాలు బయట పెట్టి వస్తానని వెళ్ళి, పిప్పరమెంటు వాసనతో తిరిగొచ్చేవాడు. మా ఇంట్లో చెత్త అంత శ్రద్ధగా బయటికి వెళ్ళిన రోజులు మళ్ళీ రాలేదు.

ఆవిడ ఒక్కనాడూ మానెయ్యమని అనలేదు. ఒక మధ్యాహ్నం మా ఆయన దగ్గుతూ పెరట్లోంచి వస్తుంటే, వంటింటి బల్ల దగ్గర కూర్చుని చుట్టుకుంటున్న ఆవిడ తలెత్తకుండానే అడిగిందట.

“తమ్మీ, నీ చెయ్యి వణుకుతదా?”

“లేదక్కా.”

“అయితె గీ తీగె చుట్టు, సూద్దాం.”

ఆ సాయంత్రం నేను వచ్చేసరికి మా ఆయన ముందు పాడైన కాయిల్స్ గుట్ట ఉంది. స్కూలు పిల్లాడిలా నాలుక కొస బయట పెట్టుకుని ఇంకోటి చుడుతున్నాడు. నేను వచ్చిన అలికిడి కూడా వినలేదు.

తర్వాత్తర్వాత గడప దగ్గర నిలబడి ఆవిడ నేర్పే తీరు చాలాసార్లు చూశాను. సన్నటి స్క్రూడ్రైవర్ కడ్డీ మీద తీగ చుట్టించేది. ఒక చుట్టుని ఆనుకుని ఇంకో చుట్టు, మధ్యలో వెంట్రుక దూరకూడదు. “గుంజకు తమ్మీ. పట్టుకో అంతె. గుంజితె అలుగుతది.” కడ్డీ తీయకుండానే రెండు కొసలూ చిన్న మరల కింద బిగించి, మిగిలిన తీగని మొదలంటా కత్తిరించాలి. మీటర్ మీద పెట్టి ఓమ్స్ చూడాలి. చూడకుండా బటన్ నొక్కబోతే చేతి మీద కొట్టేది. ఆ తర్వాత నొక్కి వదిలి, నొక్కి వదిలి తీగని ఎర్రబరచాలి. ఒక పక్క ముందు ఎర్రబడితే పింగాణీ ట్వీజర్‌తో మెల్లగా ఒత్తి, గీకి సరిచేయాలి. ఆ ట్వీజర్ ఎప్పుడూ ఆవిడ టోపీ కింద కొప్పులోనే గుచ్చి ఉండేది. ఎక్కడ పెట్టానా అని బల్లంతా వెతుక్కునేది కూడా.

“ఎరుపు నడుమల పుట్టాలె, అంచులకు పోవాలె. అంచుల పుట్టిందంటె ఎక్కడనో అబద్ధం ఉన్నట్టు” అనేది. సమంగా ఎర్రబడితే పసిపిల్లతో మాట్లాడినట్టు, “ఎర్రవడ్డవా బిడ్డా” అనేది. చివరికి ఆ చుట్టల మధ్య నుంచి దూది పీకి దూర్చడం. “దూది ఎక్వయితె గొంతు వట్టినట్టయితది. తక్వయితె కారుతది. రానీయాలె, పోనీయాలె.”

ఒకసారి నేనే ఉండబట్టలేక, “ఇది మాత్రం మంచిదా అండీ?” అన్నాను.

“మంచిదని నేనెప్పుడన్న? చెడ్డదే. సిగరెట్ కన్న తక్వ చెడ్డది. దీన్ని గూడ ఒకనాడు ఇడువాలె. నేను ఇడువలేకపోయిన. గాయినె ఇడుస్తడు, సూడు.” అని పై పెదవి మీదుగా పొగని తన టోపీ వైపే ఊదుకుంది. ఎదుటివాళ్ళ మీద పొగ పోకుండా కింది పెదవి ముందుకు పెట్టి అలా ఊదేది. చూడటానికి కేటిల్ మూతి లాగా ఉండేది.

మా ఆయన చెత్త డబ్బాల దగ్గరికి వెళ్ళడం తగ్గింది. తగ్గి తగ్గి ఆగిపోయింది. వేప్‌లో పోసే ద్రవంలో నికోటిన్ కూడా ఆవిడ మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చింది. దగ్గు పోయింది. నేను ఎన్నేళ్ళుగానో దేవుడికి మొక్కుకున్నది నా ఇంట్లో, నా కళ్ళ ముందు జరిగింది.

నాకు సంతోషంగా లేదు.

ప్లాంటు నుంచి వచ్చేసరికి మొహం మీద మాస్కు గీతలు, చేతులు శానిటైజర్‌కి పగిలి మంట. గుమ్మంలోనే బట్టలు మార్చుకుని, ఎవరినీ తాకకుండా మేడెక్కి స్నానం చేసి కిందికి దిగితే, వంటింట్లో ఆ వేప్ పొగ వనిల్లా వాసనా, నవ్వులూ. ఆ నవ్వు దేనికో నాకు చెప్పబోయి, “నువ్వు చూసుంటే బాగుండేది, చెబితే ఏముంది” అని మానేసేవాడు మా ఆయన. వాళ్ళిద్దరి మధ్య తప్పు ఏదీ లేదని నాకు తెలుసు. ఉండి ఉంటే నాకు తేలికయ్యేది, తిట్టడానికి ఏదో ఒకటి దొరికేది. అన్నిటికంటే ఒళ్ళు మండింది ఎక్కడంటే, భీమవరంలో పుట్టి పెరిగిన మా ఆయన ఒకనాడు నాతో, “జర ఆ ఉప్పు అందుకో” అన్నాడు. ఎవరి మాట అది? ఆయన గమనించను కూడా లేదు.

లాక్‌డౌన్‌లో దుకాణం మూసేయడంతో ఆవిడ దూది అయిపోయింది. ఒకనాడు నా దగ్గరికి వచ్చింది.

“చెల్లె, నీ దేవుని కాడ మంచి దూది ఉన్నదట గద. జర ఇస్తవా?”

అది మా అమ్మ గింజలు తీసి, ఏరి, పొట్లం కట్టి పంపిన దూది. ఒత్తుల కోసం. దాని సంగతి ఆవిడకి ఎవరు చెప్పారో వేరే అడగక్కర్లేదు.

“అది దీపానికండీ” అన్నాను.

“నాది గూడ దీపమే అనుకో. నీది వెలుగిస్తది, నాది పొగ ఇస్తది. ఒత్తి ఒత్తే గద.”

ఇవ్వకపోతే బాగుండదని కొంచెం తీసి ఇచ్చాను. మర్నాడు ఇద్దరూ కలిసి ఒకటే పొగడటం, ఇంత రుచి దుకాణపు దూదికి ఎప్పుడూ లేదని. మా అమ్మ ఏరిన దూదికి నా ఇంట్లో దక్కిన మెప్పు నాకెప్పుడూ దక్కలేదనిపించింది. దూది మీద కూడా అసూయ పడవచ్చని అప్పుడు తెలిసింది.

ఒక ఆదివారం సముద్రం ఒడ్డున నడుస్తూ మా ఆయన్ని అడిగాను.

“నేను అన్నేళ్ళు బతిమాలితే మానలేదు. ఆవిడ చెబితే ఎలా మానేశావు?”

“ఆవిడ చెప్పలేదే.”

“అదే. ఎలా?”

ఏదో పెద్ద జవాబు వస్తుందనుకున్నాను. “ఏమో” అన్నాడు. కొంచెం దూరం నడిచాక, “నువ్వు సంతోషించాలి కదా?” అన్నాడు.

“సంతోషంగానే ఉంది.”

“మొహం చూస్తే అలా లేదు మరి.”

ఎదురుగాలి అని చెప్పాను. గాల్వేలో ఆ అబద్ధం ఎప్పుడూ చెల్లుతుంది.

మర్నాడు ప్లాంటు నుంచి వచ్చి, స్నానం చేసి, నేరుగా ఆవిడ ఎదురు కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన మేడ మీద మీటింగులో ఉన్నాడు.

“నాకూ నేర్పండక్కా.”

కళ్ళద్దాల మీదుగా చూసింది. “నువ్వు పొగ తాగవు గద. నీకెందుకు?”

“చుట్టడం నేర్చుకుంటాను. నేను రోజూ చేసేదీ తీగలతోనే.”

“నాకెరుక. గని నీకు నేర్పను.”

నవ్వుతూ అందనుకున్నాను. నవ్వడం లేదు. స్క్రూడ్రైవర్ కింద పెట్టి, టోపీ సర్దుకుని, మెల్లగా చెప్పింది.

“కోపం జేస్కోకు చెల్లె. గీ బల్ల కాడ గాయినె పొగ ఇడుస్తుండు. నీ కోసం గాదు, నా కోసం గాదు. గీ తీగె మీద మనసు వడి ఇడుస్తుండు. నువ్వొచ్చి గూసుంటె నీ కోసమైతది. గప్పుడు మీ ఇద్దరికి లొల్లయిన నాడు నీ మీది కోపానికి ఒకటి ముట్టిస్తడు. పూర్తిగ ఇడువనీ. అందాంక జర దూరముండు.”

నా ఇంట్లో, నా బల్ల దగ్గర, నా మొగుడికి దూరంగా ఉండమని నాకు చెప్పింది. అంతకంటే బాధ, ఆ మాటలో తప్పు పట్టుకోవడానికి నాకు ఏమీ దొరకలేదు. మా పోట్లాటల తర్వాత ఆ చెత్త డబ్బాల దగ్గర ఏం జరిగేదో ఆవిడకి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. లేచి కుక్కర్ పెట్టాను. కావలసినదానికంటే గట్టిగా పెట్టాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఒక శనివారం మధ్యాహ్నం. నేను మెట్ల మీద కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతున్నాను. వంటింట్లోంచి బుస్సుమని ఒక శబ్దం. పాము బుసలా మొదలై పెద్దదవుతోంది. మా ఆయన కేక. నేను లేచి గడప దగ్గరికి వచ్చేసరికి ఆవిడ బల్ల మీది నుంచి ఏదో గుప్పిట్లో పట్టుకుని పెరటి తలుపులోంచి బయటికి విసిరేస్తోంది. అది తడి గడ్డి మీద పడి, పొగ చిమ్ముతూ గింగిరాలు తిరిగింది. పైన కవరు చిరిగిన బ్యాటరీ. మా ఆయన దాన్ని కత్తిరించిన తీగ ముక్కల మధ్య పెట్టాడు, తీగ తగిలి షార్టయింది. బ్యాటరీలు విడిగా ప్లాస్టిక్ డబ్బాలోనే ఉండాలని ఆవిడ చెప్పని రోజు లేదు.

ఆవిడ కుడి అరచెయ్యి కాలింది.

“అట్ల వెడ్తరా ఎవలన్న!” అని ఒకే ఒక్కసారి అరిచింది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

కుళాయి కింద ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడింది నేను. నీళ్ళు చల్లగా పడుతున్నాయి. ఆవిడ పళ్ళు బిగించి కిటికీ వైపు చూస్తోంది. మా ఆయన జీపీకి, అంటే మా డాక్టరుకి, ఫోన్ చేస్తున్నాడు. ఆ చెయ్యి మీది బొబ్బలు చూస్తుంటే నాకు జాలి వేసింది, భయం వేసింది, కృతజ్ఞత కలిగింది. అన్నీ నిజమే. వాటితోపాటు ఇంకోటి కూడా ఉంది. నా మొగుడి కోసం కాలిన ఈ చెయ్యి నాది కాదే అని. ఇక జన్మంతా ఆయన ఈ మనిషికి రుణపడి ఉంటాడు, నేను ఎంత వండి పెట్టినా దీనికి సాటి రాదు అని. ఆ క్షణంలో ఎవరైనా అలా ఆలోచిస్తారా అంటే, నేను ఆలోచించాను.

ఆసుపత్రికి వెళ్ళి ఒకసారి చూపించుకొచ్చింది. అప్పుడున్న రద్దీలో, మిగతా కట్లు ఇంట్లోనే మార్చుకోమన్నారు. నేనే మార్చేదాన్ని. సాయంత్రం పూట ఆవిడ చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. నొప్పెడుతోందా అంటే, “గ్రాండ్ ఉన్న తియ్” అనేది. బాగానే ఉన్నామనడానికి ఇక్కడివాళ్ళు వాడే మాటని వరంగల్ మాటలో అలా కలిపేసేది.

మా ఆయన ఆ బల్ల దగ్గరికి రావడం మానేశాడు. పెట్టె వైపు చూడటం లేదు. ఆవిడ మొహం వైపూ చూడటం లేదు. రెండో వారమో మూడో వారమో, చెత్త బయట పెట్టి వస్తానన్నాడు. తిరిగొచ్చాక పిప్పరమెంటు వాసన. ఆవిడకీ తెలిసింది. నేను ఆయన మీదికి వెళ్ళబోతుంటే ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుంది.

“ఏమనకు.”

“మీ కష్టమంతా బూడిదైంది కదక్కా!”

“ఏమనకన్న గద.”

మర్నాడు నేను వచ్చేసరికి పెట్టె తెరిచి కూర్చుంది. “ఇటు రా చెల్లె. నా కాయిల్ మాడింది. నువ్వు చుట్టాలె.”

“నాకు నేర్పనన్నారుగా?”

“గప్పుడు రెండు చేతులుండె.”

కూర్చున్నాను. కోపం చూపించాలనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే చేతులు ఉరకలు వేస్తున్నాయి. ప్లాంటులో నేను తీగని తాకను, యంత్రం తాకుతుంది. నేను అద్దం వెనక నుంచి చూస్తాను. ఇక్కడ తీగ నా వేళ్ళ మధ్య ఉంది. ఆవిడ నా భుజం మీదికి వంగి చెబుతోంది. గుంజకు. పట్టుకో అంతె. ఆ... గట్లనే. మొదటి కాయిల్‌కే చుట్లు ఆనుకున్నాయి. బిగించాను, కత్తిరించాను, మీటర్ చూశాను, బటన్ నొక్కాను. ఎరుపు నడుమ పుట్టింది. మెల్లగా అటూ ఇటూ పాకింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. అంత అందమైన వస్తువు నా చేత్తో నేనెప్పుడూ చేయలేదు.

ఆవిడ నా చెవి దగ్గరికి వంగి రహస్యంగా అంది. “నీ చెయ్యి మీ ఆయన చెయ్యి కన్న నయం. గాయినెకు జెప్పకు.”

ఆ మాట ఎంత కాలం నన్ను నడిపించిందో చెప్పలేను. ప్లాంటులో గౌను వేసుకుంటూ, గార్డుల ముందు కారు ఆపుతూ ఆ మాట తలుచుకునేదాన్ని. రోజూ సాయంత్రం మా ఇద్దరిదే అయింది బల్ల. ఆవిడ నాకు చిక్కు తీగలు ఇచ్చింది. రెండు తీగలు పురి పెట్టి చుట్టడం నేర్పింది. మా నవ్వులు మొదలయ్యాయి. మా ఆయన గడప దాకా వచ్చి నిలబడేవాడు. నీళ్ళ కోసం వచ్చేవాడు, ఛార్జర్ కోసం వచ్చేవాడు. “ఎందుకు నవ్వుతున్నారు?” అని అడిగాడు ఒకసారి.

“నువ్వు చూసుంటే బాగుండేది, చెబితే ఏముంది” అన్నాను.

ఒకనాడు జాకెట్టు వేసుకుని చెత్త సంచితో బయటికి వెళ్తూ ఆగాడు. నా వెనక నిలబడి చూశాడు. “అలా కాదు. ఆ కొస ముందు బిగించాలి” అన్నాడు.

“మాకు తెలుసులే” అన్నాను.

“తెలిస్తే అలా ఎందుకు చేస్తున్నావు? ఇలా ఇవ్వు.”

చెత్త సంచి గోడకి ఆనించి, జాకెట్టుతోనే కూర్చుని, నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కున్నాడు. ఆవిడ ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి వాన చూస్తోంది. సంచి ఆ పూటంతా అక్కడే ఉంది.

ఆ రోజు నుంచి మా ఆయన మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చాడు. మళ్ళీ “తమ్మీ” మొదలైంది. పిప్పరమెంటు వాసన మళ్ళీ రాలేదు. మరుసటి వేసవికి వేప్ కూడా వదిలేశాడు. చుట్టడం మాత్రం ఊరికే, చేతి సరదాకి ఉంచుకున్నాడు. ఆవిడ మాట నెగ్గింది. నేను బల్ల దగ్గర కూర్చునేదాన్నే గానీ, నా భుజం మీదికి వంగి చెప్పడం తగ్గిపోయింది. నాకిక చెప్పాల్సింది లేదు కదా అనేది.

అప్పుడు మొదలైంది నాలో ఒక ప్రశ్న. నా చేత చుట్టించింది తన చెయ్యి కాలినందుకా? నా మీద ఇష్టంతోనా? లేక మా ఆయనకి కన్నుకుట్టి తిరిగి రావాలని నన్ను ఎరగా వేసిందా? నీ చెయ్యి నయం అన్న మాట నిజంగా అందా, పనికొస్తుందని అందా? ఎన్నోసార్లు అడగబోయాను. అడిగితే ఏ జవాబు వస్తుందోనని ఊరుకున్నాను.

కాంట్రాక్టు అయిపోయి ఆవిడకి వాటర్‌ఫోర్డ్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే రోజు ఇంకా జాగ్రత్తలు ఉన్నాయి కాబట్టి మోచేతులు తాకించుకున్నాం. మా ఆయనకి తన స్క్రూడ్రైవర్ ఇచ్చింది. నాకేమీ ఇవ్వలేదు. పైగా, “ఆ దూది పొట్లం ఇంక ఉన్నదా చెల్లె?” అని అడిగి, ఉన్నది ఉన్నట్టు పట్టుకెళ్ళింది. కారు మలుపు తిరిగేదాకా మా ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. నేను లోపలికి వచ్చి వంటింటి కిటికీలు అన్నీ తెరిచాను. వనిల్లా వాసన పోయింది. పోయాక మళ్ళీ ఎందుకు తెరిచానా అనిపించింది.

ఆదివారాలు ఫోన్ చేసేదాన్ని. మా ఆయనకి చెప్పకుండా చేసేదాన్ని. ఆవిడ ఎత్తగానే, “తమ్మి ఎట్లున్నడు?” అనేది. నేను ఎట్లున్నానో చివర్లో అడిగేది, ఒక్కోసారి మరిచిపోయేది.

కరోనా ఆంక్షలు ఎత్తేసిన తొలి వారాల్లోనే, చూసి వద్దామని నేనే అన్నాను. గోంగూర పచ్చడి చేశాను, ఆవిడ బ్రెడ్డులో పెట్టుకుని తినేది. దారి పొడుగునా ఒకటే అనుకుంటున్నాను. ఎన్నిస్ దాటాం, లిమరిక్ దాటాం. ఇవాళ మా ఆయన్ని ఏదో పని మీద బయటికి పంపించి, ఆవిడని అడిగేస్తాను. ఎందుకు చుట్టించారక్కా నా చేత? ఏ జవాబైనా సరే, వింటాను.

తలుపు తీసే ఉంది. బల్ల ముందు ఆవిడ, అదే టోపీ. పక్కన ఒక ఐరిష్ ఆవిడ, పొట్టి నెరిసిన జుట్టు, పొరుగింటి మనిషట. చేతిలో స్క్రూడ్రైవర్ కడ్డీ, దాని మీద సగం చుట్టిన తీగ. ఆవిడ ఆమె భుజం మీదికి వంగి, తన ఇంగ్లీషులో మెల్లగా ఏదో చెబుతోంది. మేము రాగానే ఇద్దరూ తలెత్తారు. ఇద్దరూ ఏదో నవ్వు మధ్యలో ఉన్నారు.

“వచ్చిన్రా! తమ్మీ, ఎంత మంచిగైనవ్!” అంది ఆవిడ. మా ఆయన పొంగిపోయాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, అప్పుడే ఆ ఐరిష్ ఆవిడ చుట్టిన తీగని వెలుతురులో పెట్టి చూస్తున్నాడు. ముగ్గురూ తీగ మీదికి వంగారు. నాలుగో కుర్చీ మీద తీగ చుట్టలున్నాయి. నేను అడగాలనుకున్నది ఆ రోజే కాదు, ఆ కబురు వచ్చేదాకా అడగనే లేదు.

“నేను టీ పెడతాను” అన్నాను.

వంటింట్లోకి వెళ్ళాను. కేటిల్ దొరికింది. కప్పుల కోసం ఒక తలుపు తీశాను, బియ్యం డబ్బాలు. ఇంకోటి తీశాను, మందులు. మూడోది గట్టిగా పడింది. ఆవిడ “ఆగు చెల్లె, నేనొస్త” అని లేవబోయింది. ఆ ఐరిష్ ఆమె ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. అలవాటైన చెయ్యి అది.

“కిటికీ పక్క ప్రెస్‌లో ఉన్నాయమ్మా” అంది ఆమె నాతో. ఇక్కడివాళ్ళు అల్మరాని ప్రెస్ అంటారు. నేను ఇంకా వెతుక్కుంటుంటే తనే లేచి వచ్చింది. చూడకుండానే తలుపు తీసి, చూడకుండానే చెయ్యి పెట్టి, కప్పులు ఒకటొకటిగా తీసి నాకు అందించింది. వాటిలో పిడి విరిగిన నీలం కప్పు ఒకటి పక్కన పెట్టి, “ఇది ఆమెది, దీంట్లో తప్ప తాగదు” అని నవ్వుతూ చెప్పింది, నాకు తెలియదనుకుని.

నాకు నిజంగానే తెలియదు.